లారీకి పర్మిట్టు ఇచ్చాం, డ్రైవరుకి పాఠం చెప్పలేదు

2024 జనవరి 2న హైదరాబాదులో ఉన్నవాళ్ళకి ఆ రోజు సంగతి మళ్ళీ చెప్పక్కర్లేదు. ట్యాంకర్లు ఆగిపోయాయని తెలియగానే ఊరంతా పెట్రోలు బంకుల ముందు చేరింది. చంచల్‌గూడలో జొమాటో కుర్రాడొకడు క్యూలో విసిగిపోయి, బండి పక్కన పెట్టి గుర్రమెక్కి డెలివరీకి బయల్దేరాడు. ఆ వీడియో మన ఆఫీసు గ్రూపులన్నిట్లోనూ తిరిగింది. నవ్వుకున్నాం, ఫార్వర్డ్ చేసుకున్నాం. ఆ రాత్రికే సమ్మె ఆగింది, మర్నాటికి మనం మర్చిపోయాం.

ఇంతకీ ఆ గొడవ దేనికి? భారతీయ న్యాయ సంహితలో 106(2) అనే సెక్షను కోసం. నిర్లక్ష్యంగా బండి నడిపి మనిషి ప్రాణం పోవడానికి కారణమై, పోలీసులకో మేజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోతే పదేళ్ళ దాకా జైలు. "అక్కడే ఆగితే జనం కొట్టి చంపుతారు, పారిపోతే పదేళ్ళు, మమ్మల్నేం చెయ్యమంటారు?" అని డ్రైవర్లు అడిగారు. చివరికి 2024 జులై 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క ఉపసెక్షన్ని పక్కన పెట్టారు.

రెండు వైపులా న్యాయం ఉంది. 2022లో ఒక్క ఏడాదిలో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది. ఆ కుటుంబాల తరపున ఎవరో ఒకరు గట్టిగా మాట్లాడాల్సిందే. కానీ నాకు వింతగా అనిపించింది వేరే విషయం. శిక్ష ఎన్నేళ్ళుండాలి అని దేశమంతా వాదించుకుంది. ఆ స్టీరింగు పట్టుకున్న మనిషికి డ్రైవింగు ఎవరు నేర్పారు, ఎక్కడ నేర్పారు, ఎన్ని రోజులు నేర్పారు అని మాత్రం పెద్దగా ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళితే కథ 1930ల్లో మొదలవుతుంది.

రైలుకి లారీ భయం

1930ల ఆర్థిక మాంద్యంలో రైళ్ళ ఆదాయం పడిపోయింది. అదే సమయంలో రోడ్ల మీద మోటారు బళ్ళు పెరిగాయి. రైలు పట్టాల మీద కోట్లు పెట్టిన ప్రభుత్వానికి, పక్కనే మట్టిరోడ్డు మీద పోతూ సరుకు ఎగరేసుకుపోయే లారీ కంటగింపుగా తయారైంది. ఈ బెడద మన ఒక్కరిదే కాదు. బ్రిటన్‌లో 1933లో రోడ్డు, రైలు రవాణా చట్టం తెచ్చి లారీలకి ఎ, బి, సి అని మూడు రకాల లైసెన్సులు పెట్టారు. అమెరికాలో 1935లో మోటార్ క్యారియర్ చట్టం వచ్చింది.

మన దగ్గర 1932లో మిచెల్, కిర్క్‌నెస్ అనే ఇద్దరు అధికారులకి ఈ పోటీ సంగతి చూడమని చెప్పారు. 1933లో సిమ్లాలో రోడ్డు-రైలు సమావేశం జరిగింది. వీటన్నిటి ఫలితంగా వచ్చిందే 1939 నాటి మోటారు వాహనాల చట్టం. లారీ నడపాలంటే పర్మిట్టు ఉండాలి. ఎన్ని పర్మిట్లివ్వాలి, ఏ ప్రాంతానికివ్వాలి అన్నది రవాణా అధికారుల చేతిలో ఉంటుంది. దూరప్రాంత సరుకు రవాణాని అదుపు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంటుంది. మనం చిన్నప్పుడు లారీల నెత్తిన "పబ్లిక్ క్యారియర్" అని చదివేవాళ్ళం చూడండి, అది ఈ చట్టం పెట్టిన పేరే. ఇతరుల సరుకు కిరాయికి మోసే పర్మిట్టున్న బండి అని దానర్థం.

ఈ చట్టం అడిగిన ప్రధానమైన ప్రశ్న "ఎన్ని లారీలు?" అనేది. డ్రైవరు లైసెన్సూ, పని గంటల పరిమితీ కూడా అందులో ఉన్నాయి, కాదనను. కానీ యంత్రాంగం, ఆఫీసులు, ఫైళ్ళు, కోర్టు కేసులు, లంచాలు అన్నీ పర్మిట్టు చుట్టూనే తిరిగాయి. ఏది తక్కువగా దొరికితే దాని చుట్టూనే కదా జనం చేరేది.

యాభై ఏళ్ళ పర్మిట్టు

స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఇదే నడిచింది. 1951 ప్రాంతంలో సరుకులో పదింట ఎనిమిది వంతులకి పైగా రైల్లోనే వెళ్ళేది. లారీలు తయారుచేసే ఫ్యాక్టరీలు అప్పుడప్పుడే వస్తున్నాయి. 1954లో జంషెడ్‌పూర్‌లో టాటా-మెర్సిడెస్ లారీ వచ్చింది, మద్రాసు దగ్గర ఎన్నూరులో లేల్యాండ్ వచ్చింది. బళ్ళకి గిరాకీ ఉంది, సరుకుంది, పర్మిట్లే లేవు. పేరు ఒకరిది, బండి ఒకరిది అయ్యి, పర్మిట్టే ఒక ఆస్తిలా చేతులు మారింది.

దీన్ని సడలించండి అని చెప్పినవాళ్ళు లేకపోలేదు. 1959లో మసానీ కమిటీ చెప్పింది. 1967లో కేస్కర్ కమిటీ, ఊరూరా ఆపి వసూలు చేసే ఆక్ట్రాయ్‌లూ చెక్‌పోస్టులూ రవాణాని ఎలా నలిపేస్తున్నాయో రాసింది. నేషనల్ పర్మిట్టు 1975లో వచ్చింది, అదీ మొదట్లో రాష్ట్రాల వారీ కోటాలతో. 1988లో కొత్త మోటారు వాహనాల చట్టం వచ్చి, మర్నాటి ఏడాది అమల్లోకొచ్చాకే పర్మిట్ల మీద పరిమితి పోయింది. అంటే "ఎన్ని లారీలు?" అన్న ప్రశ్నని వదలడానికి మనకి దాదాపు 50 ఏళ్ళు పట్టింది.

ఈలోపు బ్రిటన్‌లో ఏం జరిగిందో చూస్తేనే అసలు విషయం అర్థమవుతుంది.

ఫోర్క్ చేశాం, అప్‌డేట్ తీసుకోలేదు

బ్రిటన్‌లో 1965లో గెడ్డెస్ కమిటీ నివేదిక ఇచ్చింది. లారీల సంఖ్యని అదుపు చెయ్యడం వల్ల రైలూ బాగుపడలేదు, రోడ్డూ బాగుపడలేదు, తీసెయ్యండి అంది. రవాణా మంత్రి బార్బరా కాసిల్ తయారుచేసిన బిల్లు 1968లో చట్టమైంది. సంఖ్య మీద లైసెన్సు పోయి, దాని స్థానంలో నాణ్యత మీద లైసెన్సు వచ్చింది. నువ్వెన్ని లారీలైనా పెట్టుకో. కానీ వాటిని రిపేరు చేయించే ఏర్పాటు నీకుందా? నీ దగ్గర సరిపడా డబ్బుందా? నీ డ్రైవర్లు గంటల లెక్క పాటిస్తున్నారా? ఇవి చూపిస్తేనే ఆపరేటర్ లైసెన్సు. చూపించలేకపోతే ఒక్క లారీ కూడా తిప్పడానికి లేదు. హెవీ డ్రైవర్లకి వేరే పరీక్ష పెట్టారు. డ్రైవరు ఎన్ని గంటలు నడిపాడో రాసుకునే ట్యాకోగ్రాఫ్ అనే పరికరం తర్వాత యూరప్ అంతటా తప్పనిసరి అయింది.

మన భాషలో చెప్పాలంటే, 1930ల్లో బ్రిటన్ రిపాజిటరీని మనం ఫోర్క్ చేసుకున్నాం. 1968లో వాళ్ళు అప్‌స్ట్రీమ్‌లో పెద్ద మార్పు చేశారు. పాత మాడ్యూల్ పీకేసి, దాని చోట కొత్త మాడ్యూల్ పెట్టారు. మనం ఇరవై ఏళ్ళు ఆలస్యంగా, ఆ మార్పులో సగమే తీసుకున్నాం. పాతది పీకేశాం, కొత్తది పెట్టలేదు. కోడ్ కంపైల్ అయింది కాబట్టి అంతా బాగానే ఉందనుకున్నాం.

ఒక చిన్న ఉదాహరణ. ఇతరుల సరుకు మోసే వ్యాపారానికి మన దగ్గర 1865 నాటి క్యారియర్స్ చట్టమే 2011 దాకా నడిచింది. 2007లో పార్లమెంటు చేసిన కొత్త చట్టం 2011లో అమల్లోకొచ్చి రిజిస్ట్రేషన్ పెట్టింది. బండి కండిషను, డ్రైవరు శిక్షణ చూపిస్తేనే వ్యాపారం అనే షరతు మాత్రం అందులోకీ రాలేదు.

క్లీనరు బడి

మరి ఇన్నేళ్ళూ మన లారీలు నడవలేదా అంటే, లక్షణంగా నడిచాయి. ఎందుకంటే ప్రభుత్వం పెట్టని బడి ఒకటి లారీలోనే ఉండేది. దాని పేరు క్లీనరు.

పదహారేళ్ళ కుర్రాడు ఇంట్లో చెప్పో చెప్పకో లారీ ఎక్కేవాడు. అద్దాలు తుడవడం, గ్రీజు పెట్టడం, స్టెప్నీ మార్చడం, టార్పాలిన్ కప్పి తాళ్ళు బిగించడం, బండి రివర్సు చేస్తుంటే వెనక నిలబడి "రానీ, రానీ, ఆప్" అని కేకెయ్యడం, రాత్రుళ్ళు డ్రైవరుకి నిద్ర రాకుండా కబుర్లు చెప్పడం. రెండు మూడేళ్ళకి డ్రైవరుకి నమ్మకం కుదిరితే, ఖాళీ రోడ్డు మీద, ఖాళీ బండి చేతికిచ్చేవాడు. ఇంకో రెండేళ్ళకి లైసెన్సు. డ్రైవరు తిట్టేవాడు, కొట్టేవాడు, కానీ నేర్పేవాడు. మన ఇండస్ట్రీలో షాడోయింగ్ అంటామే, అదే.

ఈ బడిని మరీ నెత్తికెత్తుకోనక్కర్లేదు. మంచితో పాటు చెడ్డా అక్కడే నేర్చుకునేవాళ్ళు. ఘాట్ రోడ్డు దిగుడులో డీజిలు మిగులుద్దని న్యూట్రల్లో వదలడం, చెక్‌పోస్టులో ఎవరికెంత మామూలివ్వాలో తెలుసుకోవడం, ఓవర్‌లోడుతో పోవడం కూడా అందులో పాఠాలే. ఎయిర్ బ్రేకు ఎందుకు ఫెయిలవుతుంది, డ్రైవరుకి కనపడని మూలలు ఏవి, సరుకు జారకుండా బరువు ఎలా సర్దాలి లాంటివి కారణాలతో సహా చెప్పే మేష్టారు ఉండేవాడు కాదు. అయినా ఒక మనిషి పక్కన కూర్చుని కొన్నేళ్ళు నేర్చుకోవడం అంటూ ఒకటి ఉండేది.

ఇప్పుడది కూడా పోయింది. ఆమధ్య విజయవాడ వెళుతూ ఏలూరు దగ్గర దాబాలో ఆగితే, పక్క మంచం మీద ఒక పెద్దాయన ఒక్కడే కూర్చుని భోంచేస్తున్నాడు. వైజాగ్ నుంచి చెన్నై లోడట.

"క్లీనరు లేడా బాబాయ్?" అనడిగాను.

"క్లీనరుకి జీతం, బత్తా ఎవడిస్తాడు బాబూ? ఓనరుకే కిరాయి గిట్టట్లేదు. టార్పాలిన్ కట్టేదీ నేనే, వెనక చూసుకునేదీ నేనే. ఒకవేళ ఇస్తానన్నా ఎవడొస్తాడు? మా వాడే రానన్నాడు, కొరియర్ బండి మీద తిరుగుతానన్నాడు."

ఇది ఆయనొక్కడి కథ అయితే రాసేవాణ్ణి కాదు. నేషనల్ పర్మిట్టు బండికి ఇద్దరు డ్రైవర్లుండాలి అని మన నిబంధనల్లో ఉండేది. రోడ్డు మీద అదెంత అమలైందో వదిలెయ్యండి, కాగితం మీదైనా ఉండేది. 2018 నవంబరులో దాన్నీ తీసేశారు. అప్పటికే ఆచరణలో చచ్చిపోయిన నిబంధనని తీసెయ్యడంలో తప్పేమీ లేకపోవచ్చు. కానీ రెండో సీటు అధికారికంగా ఖాళీ అయినప్పుడు, ఇక కొత్తవాడు ఎక్కడ నేర్చుకుంటాడు అన్న ప్రశ్న కూడా వెయ్యాల్సింది.

పక్క లేన్‌లో ఆర్టీసీ

మనవాళ్ళకి డ్రైవర్లకి శిక్షణ ఇవ్వడం చేతకాదేమో అని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఎందుకంటే అదే రోడ్డు మీద, దాదాపు అదే ఛాసీ మీద, తొంభై ఏళ్ళుగా ఆర్టీసీ నడుస్తోంది. 1932లో నిజాం రాష్ట్ర రైల్వేలో భాగంగా 27 బస్సులతో మొదలైన సంస్థ, 1999 నాటికి ప్రపంచంలోనే ఎక్కువ బస్సులున్న సంస్థగా గిన్నిస్‌లోకెక్కింది.

ఆర్టీసీకి శిక్షణ కళాశాలలున్నాయి. డ్రైవరుని తీసుకున్నాక నేర్పించి గానీ బస్సివ్వరు. సేఫ్టీ డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్లు అని ప్రత్యేకంగా మనుషులున్నారు, ప్రమాదం చేసినవాడినీ, డీజిలు ఎక్కువ తాగించినవాడినీ మళ్ళీ పాఠానికి కూర్చోబెడతారు. ఏ డ్రైవరు లీటరుకి ఎన్ని కిలోమీటర్లు తీశాడో లెక్క కడతారు. మనం ఇప్పుడు డాష్‌బోర్డులు, మెట్రిక్స్ అని చెప్పుకునేదంతా వాళ్ళు సుద్దముక్కతో ఎప్పుడో చేశారు. లక్ష కిలోమీటర్లకి ఎన్ని ప్రమాదాలు అన్న లెక్క వాళ్ళు ఏటా వేసుకుంటారు.

ఆ డ్రైవర్లలో లారీ మీద స్టీరింగు నేర్చుకుని వచ్చినవాళ్ళూ ఉన్నారు. మనుషులు వాళ్ళే. తేడా అల్లా వెనక ఒక సంస్థ ఉండడం. పది వేల బస్సులున్న సంస్థకి శిక్షణ ఖర్చు కాదు, పొదుపు. ఒక్క లారీ ఉన్నవాడికి అది ఉత్త ఖర్చు. మన దేశంలో లారీ యజమానుల్లో అత్యధికులు ఐదు బళ్ళ లోపు ఉన్నవాళ్ళే.

ఆ అంకె గుర్తుపెట్టుకోండి. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లో వచ్చింది. రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు అని రాసింది. వర్తించేది మాత్రం ఐదుగురు, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థలకి. 2025 నవంబరు 21న లేబర్ కోడ్లు అమల్లోకొచ్చి ఆ చట్టం వాటిలో కలిసిపోయింది, కొత్త కోడులో ఆ గీత పది మందికి పెరిగింది. అంటే ఒకటి రెండు బళ్ళున్న ఓనరు దగ్గర పనిచేసే డ్రైవరు అప్పుడూ గీతకి బయటే, ఇప్పుడూ బయటే.

సరుకు వేగం పెరిగింది

గత పాతికేళ్ళలో ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదు అనడం అన్యాయం. నిజానికి రవాణా విధానంలో ఇంత పని ముందెప్పుడూ జరగలేదు. 5,846 కిలోమీటర్ల స్వర్ణ చతుర్భుజి 2012లో పూర్తయింది. 2010లో నేషనల్ పర్మిట్టుని దేశమంతటికీ కలిపి ఏడాదికి 15,000 రూపాయలు చేశారు. అంతకుముందు రాష్ట్రానికింత అని విడివిడిగా కట్టేవాళ్ళు. 2017 జులై 1న జీఎస్టీ రావడంతో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు కొద్ది రోజుల్లోనే మూతపడ్డాయి, ముంబయిలో ఆక్ట్రాయ్ నాకాలు పోయాయి. అదే ఏడాది లాజిస్టిక్స్‌కి మౌలిక వసతుల హోదా ఇచ్చారు, అంటే గోడౌను కట్టేవాడికి కూడా దీర్ఘకాలిక రుణం దొరికే దారి. 2021లో ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. 2025 అక్టోబరులో తెలంగాణ తన రవాణా శాఖ చెక్‌పోస్టుల్ని కూడా మూసేసింది.

ఇందులో మనవాళ్ళ చెయ్యి కూడా ఉంది. ఈ-వే బిల్లు సంగతి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. 2018 ఫిబ్రవరి 1న మొదలుపెట్టిన రోజునే సర్వర్లు చతికిలబడ్డాయి, వాయిదా వేశారు. మళ్ళీ ఏప్రిల్ 1న రాష్ట్రాల మధ్య సరుకుకి మొదలైంది. ఏప్రిల్ 15న రాష్ట్రం లోపలి సరుకుకి మొదలుపెట్టిన ఐదు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. ఆ తర్వాత అది నిలబడింది. ప్రొడక్షన్‌లో పడి లేచిన సిస్టమ్ విలువ మనకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

ఆ సిస్టమ్‌లో ఒక వివరం చూడండి. మొదట్లో బిల్లు గడువు 100 కిలోమీటర్లకి ఒక రోజు. 2021 జనవరి నుంచి 200 కిలోమీటర్లకి ఒక రోజు చేశారు. రోజుకి 200 కిలోమీటర్లు అంటే డ్రైవరుని చంపే లెక్కేమీ కాదు, అందులో అన్యాయం లేదు. నేను చూపించేది స్కీమా. సరుకు విలువ, బండి నెంబరు, పంపినవాడు, అందుకునేవాడు, దూరం, గడువు అన్నీ ఆ టేబుల్లో ఉన్నాయి. డ్రైవరు అనే కాలమ్ లేదు. ఫాస్టాగ్‌లోనూ అంతే, బండి ఏ టోల్‌గేటు ఎన్ని గంటలకి దాటిందో సెకనుతో సహా తెలుసు. ఆ బండిని పద్దెనిమిది గంటలుగా నడుపుతున్నది ఒకడేనా ఇద్దరా అన్నది తెలియదు. 1939లో వెయ్యని ప్రశ్ననే 2018లో మనం డేటాబేస్‌లో కూడా వెయ్యలేదు.

38 గంటలు

శిక్షణ వైపు ఏమైంది? హెవీ లైసెన్సుకి డ్రైవింగ్ స్కూలు ఇచ్చే ఫారం-5 సర్టిఫికెట్టు కావాలని నిబంధనల్లో ఎప్పట్నించో ఉంది. అది కొన్నిచోట్ల బండి ఎక్కకుండానే ఎలా దొరుకుతుందో తెలుగువాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. పెట్రోలు, గ్యాసు లాంటి ప్రమాదకరమైన సరుకు మోసే డ్రైవర్లకి మాత్రం విడిగా శిక్షణ ఉంది. రవాణా వాహనం నడపాలంటే ఎనిమిదో తరగతి చదివుండాలనే నిబంధన ఉండేది, 2019లో తీసేశారు. చదువు లేనంత మాత్రాన స్టీరింగు రాదనేం లేదు, హర్యానాలోని మేవాత్ లాంటి ప్రాంతాల్లో వేలమందికి అది బతుకుదెరువు అన్న వాదన నాకు సబబుగానే అనిపిస్తుంది. చదువు బదులు శిక్షణ మీద దృష్టి పెడతాం అని అప్పుడు చెప్పారు.

2021 జులై నుంచి గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల నిబంధనలు వచ్చాయి. సిమ్యులేటరు, ట్రాకు ఉండాలి. అక్కడ పాసైతే ఆర్టీవో ఆఫీసులో మళ్ళీ పరీక్ష ఉండదు. మంచి అడుగు. హెవీ వాహనాల కోర్సు ఎంతో తెలుసా? 38 గంటలు, ఆరు వారాల్లో. మనం వారానికి పనిచేసే గంటలకన్నా రెండు తక్కువ. క్యాంపస్‌లో తీసుకున్న ఫ్రెషర్‌కి మన కంపెనీలు మూడు నెలలు క్లాసులు చెప్పి, ఆ తర్వాత కూడా ప్రొడక్షన్ సర్వర్ పాస్‌వర్డ్ ఇవ్వరు. యాభై టన్నుల ట్రైలరుకి 38 గంటలు. పైగా 2020లో బీఎస్-6 వచ్చాక లారీ కూడా ఒక కంప్యూటరే, యూరియా ట్యాంకులో ద్రవం అయిపోతే ఇంజను శక్తి తగ్గించేసుకుంటుంది. డాష్‌బోర్డు మీద వెలిగే లైటుకి అర్థం చెప్పే గురువు పక్క సీట్లో లేడు.

నామక్కల్‌లో అశోక్ లేల్యాండ్ నడిపే శిక్షణ కేంద్రం 1990ల నుంచీ ఉంది. మన సిరిసిల్ల దగ్గర మండేపల్లిలోనూ అలాంటిది పెట్టారు. చెయ్యగలం అనడానికి ఇవి సాక్ష్యం. చాలినన్ని లేవనడానికీ ఇవే సాక్ష్యం. 2019లో ఎనిమిదో తరగతి నిబంధన తీసేటప్పుడు దేశంలో 22 లక్షలమంది డ్రైవర్ల కొరత ఉందని కేంద్రం చెప్పింది. 2025 జనవరిలో గడ్కరీ గారు చెప్పిందీ 22 లక్షలే. ఆరేళ్ళలో అంకె కదల్లేదంటే, కొరత తీరలేదనైనా అనుకోవాలి, ఎవరూ మళ్ళీ లెక్కపెట్టలేదనైనా అనుకోవాలి.

నేర్పినవాడికి నష్టం

ఓనర్లే నేర్పించుకోవచ్చుగా అంటారా? నేర్పిస్తే పక్కవాడు వెయ్యి రూపాయలు ఎక్కువిచ్చి తీసుకుపోతాడు. సర్వీస్ బాండ్లు రాయించుకునే పరిశ్రమలో ఉన్న మనకి ఈ బాధ విడమర్చి చెప్పాలా? నేర్పినవాడికి నష్టం, నేర్పనివాడికి లాభం. మార్కెట్ తనంతట తాను సరిచేసుకోని చిక్కుల్లో ఇదొకటి, అందుకే ఇక్కడ ప్రభుత్వ విధానం అవసరమవుతుంది.

బ్రిటన్ దీనికి ఒక మందు కనిపెట్టింది. 1964లో పారిశ్రామిక శిక్షణ చట్టం, 1966లో రోడ్డు రవాణాకి విడిగా ఒక శిక్షణ బోర్డు. పరిశ్రమలో ఉన్నవాళ్ళందరి దగ్గరా కొంత వసూలు చేసి, ఎవరు శిక్షణ ఇస్తే వాళ్ళకి తిరిగిచ్చేవాళ్ళు. నేర్పనివాడు కూడా ఖర్చులో వాటా భరించాలి. 1990ల మొదట్లో ఆ వసూలు ఎత్తేశారు. 2009 నుంచి యూరప్ నిబంధన ప్రకారం ప్రతి లారీ డ్రైవరూ ఐదేళ్ళకోసారి 35 గంటల శిక్షణ తీసుకోవాలి. అయినా 2021 సెప్టెంబరులో అక్కడ కూడా డ్రైవర్లు లేక బంకుల ముందు క్యూలు కట్టారు, సైన్యంతో ట్యాంకర్లు నడిపించారు. బ్రెగ్జిట్, కోవిడ్‌లో ఆగిపోయిన లైసెన్సు పరీక్షలు, వయసైపోయిన డ్రైవర్లు, చాలని జీతాలు, ఇన్ని కారణాలు కలిశాయి. కాబట్టి శిక్షణ ఒక్కటే ఉంటే చాలదు. గౌరవంగా బతికే జీతం, పడుకోవడానికి చోటు కూడా ఉండాలి. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీల్లో క్యాబిన్‌కి ఏసీ తప్పనిసరి చేయడం అందుకే నాకు నచ్చింది. చట్టం డ్రైవరుని మనిషిగా చూసిన కొద్ది సందర్భాల్లో అదొకటి.

నా వాదనకి గట్టి అభ్యంతరం ఒకటుంది. "ఇంకో లైసెన్సు అంటే ఇంకో మామూలు. పర్మిట్ రాజ్యం పోయిందని సంతోషిస్తుంటే శిక్షణ రాజ్యం తెస్తావా?" అని ఒక్క లారీ ఉన్న ఓనరు అడిగితే తీసిపారెయ్యలేను. 1979లో మొదలైన శ్రీరామ్ ట్రాన్స్‌పోర్ట్ ఫైనాన్స్ లాంటి సంస్థలు పాత లారీలకి అప్పులివ్వడం వల్ల ఎందరో డ్రైవర్లు ఓనర్లయ్యారు. అప్పు వాయిదా కట్టుకుంటూ నడిపే మనిషి నెత్తిన ఇంకో కాగితం పెట్టడం న్యాయం కాదు.

అందుకే భారం లారీ మీద వెయ్యకూడదంటాను. సరుకు పంపేవాడి మీద వెయ్యాలి. ఈ-వే బిల్లు తీసే ప్రతి సరుకు మీదా అతి కొద్ది మొత్తం శిక్షణ నిధికి వెళ్ళేలా చెయ్యొచ్చు, చెక్‌పోస్టూ అక్కర్లేదు, ఇన్‌స్పెక్టరూ అక్కర్లేదు. ఆ నిధితో నేర్చుకునే కుర్రాడికి స్టైపెండ్ ఇస్తే, రెండో సీట్లో కూర్చోబెట్టుకున్న పాత డ్రైవరుకి గురుదక్షిణ ఇస్తే, క్లీనరు బడిని ఈసారి సిలబస్‌తో తెరిచినట్టవుతుంది. ఆర్టీసీ శిక్షణ కళాశాలల్లో లారీ వాళ్ళకీ సీట్లివ్వొచ్చు. బిల్లులో డ్రైవరు లైసెన్సు నెంబరు అనే కాలమ్ చేరిస్తే గంటల లెక్క దానంతటదే వస్తుంది. అది డ్రైవరుని పట్టుకోవడానికి కాకుండా, పన్నెండు గంటల్లో చెన్నై చేరాలని రాసిన కంపెనీని ప్రశ్నించడానికి వాడాలి. ఇవన్నీ ఎవరికీ తెలియని ఆలోచనలేం కావు. సంస్థలున్నాయి, డేటా ఉంది, సర్వర్లూ ఉన్నాయి.

మన సంగతే ఒకసారి గుర్తు చేసుకోండి. 1991లో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కులు వచ్చాయి, అది విధానం. 1986 నుంచీ ఎంసెట్, ఊరూరా ఇంజినీరింగ్ కాలేజీలు, 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్, ఆపైన కంపెనీల్లో ట్రైనింగు, అది శిక్షణ. రెండూ దొరికాయి కాబట్టి మనలో ఎందరో మొదటి తరం ఉద్యోగులం ఇవాళ కుర్చీల్లో కూర్చున్నాం. లారీ డ్రైవరుకి సగమే దొరికింది, ఆ సగం కూడా అతని లారీకి దొరికింది.

2022 సెప్టెంబరులో జాతీయ లాజిస్టిక్స్ విధానం ప్రకటించినప్పుడు, దేశంలో రవాణా ఖర్చు జీడీపీలో 13-14 శాతం, దాన్ని 2030 నాటికి పది లోపుకి తెస్తాం అన్నారు. తర్వాత సరిగ్గా లెక్కకట్టి చూస్తే 2023-24లో అది 7.97 శాతమే అని తేలింది. ఏళ్ళ తరబడి చెప్పుకున్న అంకె తప్పని తెలుసుకోవడానికి ఒక మంచి సర్వే సరిపోయింది. ఇప్పుడు రెండో లెక్క కూడా మొదలుపెట్టాలి. స్టీరింగు పట్టుకున్న మనిషికి మనం ఏడాదికి ఎన్ని గంటల నిద్ర ఇస్తున్నాం, ఎన్ని గంటల పాఠం చెబుతున్నాం? ఆ రెండు అంకెలు ఏ పాలసీ మొదటి పేజీలో కనిపిస్తాయో, పదేళ్ళ శిక్ష గురించి మాట్లాడే హక్కు మనకి ఆ రోజున వస్తుందని నా అభిప్రాయం.